విల్లు కూడా పట్టుకురండి అన్న ఫిజియో

బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జికి కాస్త ఇవతల, మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఉన్న ఒక ఫిజియోథెరపీ క్లినిక్ గురించి రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. దీనికి ముందు వెళ్లిన ఇంకో క్లినిక్‌నీ, నాకు విల్లు అమ్మిన షాపునీ ఇందులో నాలుగు మాటలు అనాల్సి ఉంది, వాళ్ల పేర్లు దాచి వీళ్ల పేరొక్కటే వేస్తే అది రివ్యూలా ఉండదు, ప్రకటనలా ఉంటుంది. పేరు లేకపోయినా పనికొచ్చేలా రాయడానికి చూస్తాను. 5కి 4 ఇస్తున్నా.

నాది నరసరావుపేట. బెంగళూరు వచ్చి 13 ఏళ్లు, రోజుకి తొమ్మిది పది గంటలు లాప్‌టాప్ ముందే. రెండేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో మా అబ్బాయిని ఆర్చరీ నేర్పిద్దామని రేంజికి తీసుకెళ్తే వాడు వారానికే మానేశాడు, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. శని, ఆదివారాలు పొద్దున్నే వెళ్తాను. నాది రికర్వ్, అంటే ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుంచి కొడతారే ఆ రకం విల్లు, నేనింకా 30 మీటర్ల దగ్గరే ఉన్నాననుకోండి. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నలభై దగ్గర పడుతుంటే బాణాలేంట్రా, ఎవరి కంట్లోనైనా పొడుస్తావు" అంటుంది. కంట్లో ఎవరికీ పొడవలేదు గానీ పోయిన ఏడాది దసరా తర్వాత నుంచి నా కుడి భుజంలోనే ఏదో పొడవడం మొదలైంది.

నొప్పి ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది చదువుతూ "నాకూ అచ్చం ఇలాగే" అనుకునేవాళ్లు ఉంటారు. చెయ్యి కిందికి వేలాడేసి ఉంచితే ఏమీ లేదు. పూర్తిగా తల మీదికి ఎత్తేశాక కూడా పెద్దగా లేదు. మధ్యలో, అంటే చెయ్యి పక్కకి భుజం ఎత్తుకి లేపుతున్నప్పుడు, అక్కడ ఒక ముల్లు ఉన్నట్టు పట్టేసేది, అది దాటాక మళ్లీ వదిలేసేది. వంటింట్లో పై అరలో కాఫీ పొడి డబ్బా అందుకోవాలన్నా, టీషర్టు విప్పాలన్నా, కారులో వెనక్కి చెయ్యి పెట్టి సీటు బెల్టు లాగాలన్నా పళ్లు బిగించాల్సిందే. రాత్రి కుడివైపు తిరిగి పడుకుంటే రెండు గంటలకి మెలకువ వచ్చేది. విచిత్రం ఏంటంటే బాణం వేసేటప్పుడు అంత నొప్పి ఉండేది కాదు, ఒళ్లు వేడెక్కి ఉంటుంది కదా, సాయంత్రానికి మొదలయ్యేది. అందుకే రెండు నెలలు నేను నేరం మొత్తం దిండు మీదికీ ఆఫీసు కుర్చీ మీదికీ తోసేశాను.

మా అమ్మ చెప్పినట్టు నువ్వుల నూనె కాచి, కర్పూరం వేసి రుద్దించుకున్నాను. ఊరి నుంచి వావిలాకు పంపించింది, మరిగించిన నీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండూ హాయిగానే ఉన్నాయి, ఆ రాత్రికి నిద్ర పట్టేది, శనివారం మళ్లీ రేంజికి వెళ్తే కథ మళ్లీ మొదటికొచ్చేది. మందుల షాపులో ఇచ్చిన పెయిన్ స్ప్రే కూడా అంతే, చల్లగా అనిపిస్తుంది, అరగంట. స్ప్రే కొట్టుకుని నొప్పి తెలియకుండా ఇంకో నలభై బాణాలు వేసిన తెలివైనవాణ్ణి నేనే, ఆ తెలివికి తర్వాత వారం రోజులు ఫైను కట్టుకున్నాను.

ఇక మొదటి క్లినిక్. మా అపార్ట్‌మెంట్ పక్క వీధిలోనే. వెళ్లగానే 10 సిట్టింగుల ప్యాకేజీ, 6000, ముందే కట్టాలి. ఏం పని చేస్తారు అని అడిగారు, ఐటీ అన్నాను, అంతే, కాగితం మీద ఏదో రాసేశారు. శని ఆదివారాలు ఆర్చరీ చేస్తానండీ అని నేనే కల్పించుకుని చెప్తే అక్కడున్న కుర్రాడు "ఏకలవ్యుడా సార్" అని నవ్వాడు, బొటనవేలు చూపించి. జోకు బాగుంది, నేనూ నవ్వాను. తర్వాత పది రోజులూ ఒకటే వరస: హాట్ ప్యాక్ పదిహేను నిమిషాలు, కరెంటు ప్యాడ్లు అంటించి చీమలు పాకినట్టుండే మెషిన్ పదిహేను నిమిషాలు, జెల్ రాసి అల్ట్రాసౌండ్ ఐదు నిమిషాలు, బయట పేరు పిలిస్తే తర్వాతి వాళ్లు. చెయ్యి ఒక్కసారి పైకెత్తమని అడిగినవాళ్లు లేరు. మెషిన్లు చెడ్డవని అనను, కొందరికి నొప్పి కాసేపు తగ్గి వ్యాయామం చేసుకోవడానికి వీలవుతుంది. కానీ ఆ వ్యాయామమే లేకపోతే ఎందుకు? పదో రోజు మెట్లు దిగి స్కూటర్ స్టాండు తీస్తుంటే అదే చోట అదే ముల్లు.

రెండో క్లినిక్ గురించి రేంజిలో ఒక తమ్ముడు చెప్పాడు, బ్యాడ్మింటన్ ఆడి మోచెయ్యి పాడుచేసుకుని అక్కడికి వెళ్లాడట. ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి ఎప్పటి నుంచి నొప్పి, ఏ చెయ్యి, ఏ ఆట ఆడతారు అని అడిగింది. ఆర్చరీ అన్నాక ఒక్క నిమిషం అని ఫోన్ పక్కన పెట్టి, తిరిగొచ్చి, "మేడం విల్లు కూడా పట్టుకురమ్మంటున్నారు సార్" అంది. ఆ ఒక్క మాటకే నేను సగం నక్షత్రాలు ఇచ్చేశాను.

మేడంది హిందూపురం. గట్టిగా మాట్లాడతారు, మొహమాటం లేదు. మొదట్లోనే "నాకు బాణాలు వేయడం తెలీదు సార్, మీరు చేసి చూపించండి, ఎక్కడ నొప్పి పుడతా ఉందో నేను చూస్తాను" అన్నారు. తెలియదని చెప్పే డాక్టర్ని గానీ ఫిజియోని గానీ చూసి చాలా రోజులైంది. ముందు చొక్కా తీయించి రెండు చేతులూ నెమ్మదిగా పైకి లేపమన్నారు, తర్వాత చేతిని తనే రకరకాలుగా తిప్పి, నేను తొయ్యాలి తను ఆపాలి, ఒక అరగంట అదే సరిపోయింది. ఎక్స్‌రే తీయించాలా అంటే, దెబ్బ తగల్లేదు, చెయ్యిలో బలం ఉంది, ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది గానీ ఈ టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్లలాంటివి, కనపడవు, ఆరు వారాలు చూసి తగ్గకపోతే అప్పుడు ఆర్థోపెడిక్ దగ్గరికి పంపిస్తాను, ఆయన స్కాన్ రాస్తారో లేదో చూద్దాం అన్నారు.

భుజం లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి టీ తాగిన సాసరూ ఒక నిమ్మకాయా తెప్పించారు. సాసర్ నిలువుగా పట్టుకుని నిమ్మకాయని దానికి ఆనించి, ఇదే మీ భుజం అన్నారు. తుంటి కీలు గిన్నెలో బంతిలా లోతుగా కూర్చుంటుంది, భుజం అలా కాదు, సాసర్ మీద నిమ్మకాయే, అందుకే అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తేలిగ్గా చెడుతుంది. ఆ నిమ్మకాయ జారిపోకుండా చుట్టూ పట్టుకుని ఉండేవి నాలుగు చిన్న కండరాలు, రొటేటర్ కఫ్ అంటారు. పైన ఎముక చూరులాగా ఉంటుంది. చెయ్యి లేపినప్పుడల్లా ఆ చూరు కింద ఉన్న సందులోంచి ఒక టెండన్ వెళ్లాలి. భుజాన్ని చెవి దగ్గరికి ఎత్తేసి, వీపు వంచేసి లాగితే ఆ సందు ఇరుకవుతుంది, అలిసిపోయిన చిన్న కండరాలు నిమ్మకాయని కిందికి పట్టి ఉంచలేవు, అది పైకి జరిగి టెండన్‌ని నొక్కుతుంది. మధ్యలో పట్టేసి తర్వాత వదిలేసే నొప్పి అందుకే. రోజంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాడికి ఛాతీ కండరాలు బిగుసుకుపోయి భుజాలు ముందుకి పడే ఉంటాయి, అలాంటివాడు శనివారం పొద్దున్నే లేచి విల్లు ఎక్కుపెడితే ఇంకేం కావాలి.

తర్వాత విల్లు బయటికి తీయమన్నారు. క్లినిక్ వరండాలో నిలబడి నేను నారి లాగుతుంటే మోకాళ్ల నొప్పికి వచ్చిన ఇద్దరు పెద్దావిడలు కుర్చీలు పక్కకి జరుపుకున్నారు. బాణం లేకుండా లాగి వదలకూడదు, బాణంలోకి పోవాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగి వచ్చి విల్లు విరగొచ్చు, కాబట్టి లాగి మళ్లీ నెమ్మదిగా దించుతూ ఐదుసార్లు చేశాను. మేడం వెనక నుంచి నా ఫోన్‌లోనే వీడియో తీసి చూపించారు. "మీ జబ్బ ఎక్కడికి పోతా ఉందో చూడండి సార్, చెవికి ఏదో రహస్యం చెప్పబోయినట్లుంది." నిజంగానే. కుడి భుజం పైకి లేచి చెవికి తగులుతోంది, మోచెయ్యి బాణానికి వరసలో లేకుండా పక్కకి పోయింది, ఎడమ భుజం కూడా కొంచెం లేచే ఉంది. రేంజిలో మా కోచ్ ఏడాదిగా "భుజ కెళగె సార్, భుజ కెళగె" అని కన్నడంలో అరుస్తూనే ఉన్నాడు, నేను తలూపుతూనే ఉన్నాను, దించానని అనుకుంటూనే ఉన్నాను. ఆయన "బ్యాక్ టెన్షన్, బ్యాక్ టెన్షన్" అంటే నాకు ముందు టెన్షనే అర్థమయ్యేది. మేడం నా వీపు మీద, రెక్క ఎముక లోపలి అంచున రెండు వేళ్లు ఆనించి, "ఈడ పని జరగల్ల, నా వేళ్లని నొక్కండి" అని మళ్లీ లాగమన్నారు. ఆ రెండు వేళ్లతో ఏడాది పాఠం ఐదు నిమిషాల్లో ఎక్కింది.

జ్యోతి సురేఖ వీడియో ఒకటి పెట్టి "మన విజయవాడ అమ్మాయి కదా, ఎంత నిమ్మళంగా ఉందో చూడండి" అన్నారు. నిమ్మళంగానే ఉంటుంది, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన మనిషి. కానీ సురేఖది కాంపౌండ్ విల్లు అని నేను చెప్పాల్సి వచ్చింది. దానికి చివర్లలో చక్రాల్లాంటివి ఉంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువులో 65 నుంచి 80 శాతం దాకా తగ్గిపోతుంది. రికర్వ్‌లో అది రివర్సు, లాగేకొద్దీ బరువు పెరుగుతుంది, గురి చూసే ఆ నాలుగు సెకన్లూ మొత్తం మోయాల్సింది మనమే. అందుకని బొమ్మదేవర ధీరజ్ వీడియో పెట్టుకున్నాం, ఆయనా విజయవాడే, రికర్వే. స్లో చేసి చూస్తే విల్లు ఎత్తకముందే రెండు భుజాలూ కిందికి దిగి కూర్చున్నాయి, లాగుతున్నంతసేపూ మెడ పొడవు తగ్గలేదు. నా వీడియోలో నాకు మెడే లేదు.

అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న: ఈ విల్లు బరువెంత, రోజుకెన్ని బాణాలు? రెండింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

బరువు సంగతి. బరువంటే విల్లు తూగే బరువు కాదు, నారి లాగడానికి పట్టే బలం. షాపువాడు 34 పౌండ్లు అని అమ్మాడు, "మీ పర్సనాలిటీకి ఇదే కరెక్ట్ సార్, తక్కువది తీసుకుంటే మూడు నెలల్లో మళ్లీ కొనాలి" అన్నాడు, పొగిడితే పడిపోని మగాడు ఎవడు. లింబు మీద, అంటే విల్లుకి పైనా కిందా ఉండే వంగే బద్ద మీద, రాసి ఉండే ఆ అంకె 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. నేను పొడుగు, నా చేతులు పొడుగు, నేను లాగేది ఇంచుమించు 30 అంగుళాలు. అంగుళానికి సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది. ఇంటికొచ్చి, ఊరికి వెళ్లేటప్పుడు బ్యాగులు తూచుకునే కొక్కెం తూకం ఉంటుంది కదా, దాన్ని నారికి తగిలించి నేను గురి చూసే చోటి దాకా లాగితే మా ఆవిడ అంకె చదివింది: 17 కిలోలు. అంటే 37 పౌండ్ల పైమాటే. కొత్తవాళ్లకి మామూలుగా 20 నుంచి 26 పౌండ్ల మధ్య ఇస్తారు, అంతర్జాతీయ పోటీల్లో మగవాళ్లు 45, 50 లాగుతారు గానీ వాళ్లు ఏళ్ల తరబడి రోజూ అదే పని చేసినవాళ్లు. నాకు అంటగట్టింది శివధనుస్సు. రాముడికి చెల్లింది, విరిచేశాడు, నా విషయంలో విరిగేది ఏదో ముందే తెలియాల్సింది.

బాణాల సంగతి. లెక్కపెట్టుకునే అలవాటు లేదు, ఆ వారం రేంజిలో కూర్చుని మిగతావాళ్లవి లెక్కపెట్టి నావి అంచనా వేశాను, శనివారం ఒక్కరోజే 120 దాకా వేసేవాణ్ణి. ఒలింపిక్ ర్యాంకింగ్ రౌండ్‌లో వేసేదే 72. పదిహేడు కిలోలు నూట ఇరవై సార్లు అంటే 2040 కిలోలు. రెండు టన్నులు! ఆదివారం ఇంకో రెండు. సోమవారం నుంచి శుక్రవారం దాకా భుజం చేసేది మౌస్ కదపడం. మేడం ఆ అంకె విని ఏమీ అనలేదు, కాగితం మీద రాసి గుండ్రంగా సున్నా చుట్టారు. ఇంకో మాట, విల్లు బ్యాగు ఎప్పుడూ ఏ భుజానికి తగిలించుకుంటారు అని అడిగారు. కుడి. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూటర్ మీద గంట సేపు, కుడి భుజానికే.

వ్యాయామాలు ఏమిచ్చారో చెప్తాను గానీ మీరు అచ్చం ఇవే చేయమని కాదు, మీ భుజం ఎవరైనా చూశాక చేయండి. చెప్పేదాకా విల్లు ముట్టొద్దన్నారు. మొదటి రెండు వారాలు మోచెయ్యి మడిచి, నడుముకి ఆనించి, చేతి వెనక వైపుతో గోడను తొయ్యడం, కదలకుండా, పది సెకన్లు, పది సార్లు. నొప్పి లేకుండా కండరానికి పని చెప్పడం అన్నమాట. తర్వాత రబ్బరు బ్యాండు. తలుపు గడియకి కట్టి, మోచెయ్యికీ పక్కటెముకలకీ మధ్య చుట్టిన తువ్వాలు ఒకటి పెట్టుకుని, చిన్నప్పుడు చంకలో థర్మామీటర్ పెట్టుకుని కూర్చున్నట్టు అది జారకుండా చూసుకుంటూ, ముంజేతిని బయటికి తిప్పాలి. పదిహేను చొప్పున మూడు సార్లు, రోజు విడిచి రోజు. చూడ్డానికి ఏమీ అనిపించదు. నేను ఎర్ర బ్యాండు తీసుకోబోతే మేడం పసుపు చేతిలో పెట్టారు. థెరాబ్యాండ్‌లో పసుపు తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు అలా బరువెక్కుతాయి. శివధనుస్సు లాగే వీరుడు పసుపు బ్యాండుకి పన్నెండోసారికే వణికాడు. లాగే పెద్ద కండరాలు పెరిగాయి, నిమ్మకాయని పట్టుకునే చిన్నవి అలాగే ఉండిపోయాయి, తేడా అక్కడే అన్నారు.

వీటితో పాటు మంచం అంచున బోర్లా పడుకుని బొటనవేళ్లు పైకి పెట్టి చేతులు వై ఆకారంలో లేపడం, గోడకి ముంజేతులు ఆనించి పైకి జారించడం, గుమ్మంలో నిలబడి చెయ్యి ద్వారబంధానికి ఆనించి ఛాతీ సాగదీయడం. ఈ గుమ్మం స్ట్రెచ్ మాత్రం ఆఫీసులో పనిచేసే ప్రతివాళ్లూ చేసుకోవచ్చు అనిపించింది, నేను ప్యాంట్రీ తలుపు దగ్గర చేస్తుంటే మొదట నవ్వారు, ఇప్పుడు ఇంకో ముగ్గురు చేస్తున్నారు. నొప్పికి కొలత కూడా చెప్పారు: పదికి మూడు దాకా నొప్పి ఉండి, మర్నాటికి మామూలైపోతే పర్వాలేదు, అంతకు మించితే ఆ రోజు చేసింది ఎక్కువైనట్టు.

అయిదో వారంలో విల్లు పట్టనిచ్చారు, ఒక షరతు మీద. రైజర్, అంటే చేత్తో పట్టుకునే మధ్య భాగం, అదే ఉంచి లింబులు మార్చుకోవాలి. 4200 పెట్టి 22 పౌండ్లవి కొన్నాను, నా పొడుగుకి 26 పడతాయి. రేంజిలో పిల్లల పక్కన నిలబడి తేలిక విల్లు లాగడానికి సిగ్గేసింది, రెండు రోజులు. మూడో రోజుకి బాణాలు ముందుకన్నా దగ్గర దగ్గరగా పడ్డాయి, సిగ్గు పోయింది. మా కోచ్ ఒక పరీక్ష పెట్టాడు: పూర్తిగా లాగి పది అంకెలు నిదానంగా లెక్కపెట్టు, వణక్కుండా ఉంటే ఆ విల్లు నీది, వణికితే షాపువాడిది. పాత విల్లుతో నేను ఆరు దాటలేదు. మొదటి వారం టార్గెట్ కాగితం లేకుండా, ఐదు మీటర్ల నుంచి, 30 బాణాలు. వారానికి పది చొప్పున పెంచాను. ఇప్పుడు నాలుగో నెల, 70 దగ్గర ఆపేస్తాను, భుజం లేస్తున్నట్టు అనిపిస్తే నలభైకే ఆపేస్తాను. మొదటి బాణానికి ముందు పది నిమిషాలు బ్యాండుతో ఒళ్లు వేడి చేసుకోవడం తప్పనిసరి, ఆరున్నరకి చలిలో దిగీ దిగగానే పూర్తి బరువు లాగేవాణ్ణి ఇదివరకు. నారి లాగేటప్పుడు విల్లుని తల మీదికి ఎత్తి కిందికి లాగడం కూడా మానేశాను, అది భుజానికీ మంచిది కాదు, బాణం చెయ్యి జారితే గోడ దాటి పోతుంది.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క నక్షత్రం సంగతి. ఫిజియో క్లినిక్‌కి లిఫ్టు లేకపోవడం ఏంటండీ? మోకాళ్ల నొప్పులవాళ్లు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే చూడలేం, రిసెప్షన్‌లో అడిగితే "స్వల్ప అడ్జస్ట్ మాడి" అని నవ్వు. పార్కింగ్ లేదు, స్కూటర్ అయితే మందుల షాపు ముందు ఇరికించొచ్చు, కారైతే మర్చిపోండి. సాయంత్రం ఏడు గంటల స్లాట్ అంటే ఏడున్నర, ఒక్కోసారి ఏడు నలభై. మేడం లేని రోజు ఇంకొకరు చూస్తారు, ఆయన మంచివాడే గానీ నా కాగితం చదవకుండా మళ్లీ మొదటి నుంచి అడిగాడు. వ్యాయామాల షీటు ఇంగ్లీషులో, అగ్గిపుల్లల బొమ్మలతో ఉంటుంది, ఇంటికొచ్చాక ఏ చెయ్యి ఎటో అర్థం కాదు, వీడియో తీసుకోనివ్వమని అడగండి, తీసుకోనిస్తారు. బ్యాండు వాళ్ల దగ్గరే 450కి అమ్ముతారు, బయట తక్కువకి దొరుకుతుంది. కండరాలకి అంటించే రంగుల టేపు కూడా వేస్తామన్నారు, ఒకసారి వేయించుకున్నాను, భుజం దించాలని గుర్తుచేయడానికి పనికొచ్చింది, చెమటకి రెండో రోజే ఊడింది, డబ్బు దండగ అనే అనిపించింది.

మొత్తం ఖర్చు: మొదటిసారికి 900, తర్వాత 700 చొప్పున ఐదు సార్లు, 4400. ప్యాకేజీ తీసుకోమని రిసెప్షన్‌లో ఒకసారి అడిగారు గానీ మేడమే వద్దన్నారు, "ఇంట్లో చేసుకుంటే చాలు, రెండు వారాలకోసారి చూపించండి" అని. మెషిన్ల క్లినిక్‌కి పెట్టిన 6000తో పోలిస్తే ఏం చెప్పాలి.

ఒకటి మాత్రం జాగ్రత్త. నాది బరువెక్కువై, పద్ధతి తప్పి వచ్చిన నొప్పి. పడిపోయాక చెయ్యి లేవకపోయినా, చెయ్యిలో బలం తగ్గినా, తిమ్మిరి వేళ్ల దాకా పాకినా ఫిజియో కన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకి భుజం మెల్లగా బిగుసుకుపోయే రకం నొప్పి ఎక్కువగా వస్తుంది, దానికి వైద్యం వేరు. ఎడమ భుజం లాగుతూ ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది ఆర్చరీ నొప్పి అనుకుని కూర్చోవద్దు, వెంటనే హాస్పిటల్‌కి.

వెళ్లాలనుకునేవాళ్లు శనివారం పొద్దున ఎనిమిదింటి స్లాట్ అడగండి, అప్పుడు మేడమే ఉంటారు, వరండా ఖాళీగా ఉంటుంది, విల్లు పూర్తిగా లాగడానికి చోటుంటుంది. బాణాలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి, ఆ పెద్దావిడలు ఇప్పటికీ నన్ను చూస్తే కాళ్లు దగ్గరికి లాక్కుంటారు.